‘వీలైనంత త్వరగా’ అన్న మాటకు నేను చెప్పిన అర్థం

పలుకునకు ప్రాణమిచ్చిన తల్లికి మొక్కి, తెలిసియు తొట్రుపడిన ఈ నాలుకను మన్నింపుమని వేడి, విశ్వావసు నామ సంవత్సర కార్తిక బహుళ షష్ఠి నాడు, గౌతమీ తీరమందలి యానాంలో నా ఇంటి అరుగు మీద కూర్చుండి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను. ఇందులో ఎవరి పేరూ రాదు. జరిగినది చెప్పడానికి పేర్లతో పని లేదు.

ముప్పై ఏండ్లకు పైబడి తెలుగు పండితుడిగా పనిచేసి విశ్రాంతి తీసుకున్న తరువాత, నేను పిలవకుండానే రెండు పనులు నా అరుగు మీదికి వచ్చి కూర్చున్నాయి. ఒకటి, ఆంగ్లంలో వచ్చిన కాగితాలను చదివి తెలుగులో చెప్పడం. మా ఊరి పరిపాలన పుదుచ్చేరిలో ఉంది. అక్కడినుండి వచ్చే కాగితం సాధారణంగా ఆంగ్లంలోనే వస్తుంది. ఇంగ్లీషు చదివిన కుర్రకారు ఊరినిండా ఉన్నా, వాళ్లు గబగబ చదివి “ఏం లేదులే” అని చేతికిచ్చేస్తారు. నేను నిఘంటువు తిరగవేసి, మాట మాటకూ ఆగి చెబుతాను గనుక జనానికి నా మీద గురి కుదిరింది. రెండవది, పంచాంగం చూసి మంచిరోజు చెప్పడం. అది మా నాన్నగారి నుండి వచ్చింది. ఒకే అరుగు, ఒకే కళ్లజోడు. కుడిచేతి పక్కన నిఘంటువు, ఎడమచేతి పక్కన పంచాంగం. ఎన్నో ఏండ్లు ఆ రెండింటికీ నడుమ ఏ పేచీ రాలేదు.

ఆ ఆంగ్ల కాగితాలలో నాకు అన్నిటికంటె తరచుగా తగిలిన మాట ‘యాజ్ సూన్ యాజ్ పాసిబుల్’. కుళాయి గొట్టం పగిలిందని అర్జీ పెట్టుకుంటే జవాబులో ఆ మాట. వీధి దీపం ఆరిపోయిందంటే ఆ మాట. వరదకు కొట్టుకుపోయిన మెట్ల సంగతి అడిగితే మళ్లీ అదే మాట. నిఘంటువు ‘సాధ్యమైనంత త్వరగా’ అంటుంది. నేను అలాగే గంభీరంగా చదివేవాణ్ణి. ఒకసారి అగ్రహారం నుంచి వచ్చిన ముసలామె విని, కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది.

“అంటే ఇప్పుడప్పుడే లేదనే గదా బాబూ?”

“అంతేనమ్మా,” అని నేనూ నవ్వాను.

అట్లా నవ్వి నవ్వి ఆ మాటను గుమ్మం ముందరి గోనెపట్టా చేశాం. ప్రతివాడూ దాని మీద కాలు తుడుచుకుని పోయేవాడే. అందులో ‘త్వరగా’ అన్న శబ్దమొకటి ఉన్నదన్న ఎరుక, మాట మాటకూ ఆగి చదువుతానని పేరు పడ్డ నాకే లేకపోయింది.

ఇక అతని సంగతి. నా దగ్గర చదువుకున్నవాడు. వయసు నలభై అయిదు దాటి ఉంటుంది. బోట్ల మీద పేర్లు, కొట్ల మీద బోర్డులు వ్రాయడం అతని వృత్తి. ఇప్పుడు బోర్డులన్నీ ప్లాస్టిక్కు మీద అచ్చు వేసి తగిలిస్తున్నారు గాని, బోటు చెక్క మీద పేరు మాత్రం కుంచెతో వ్రాయవలసిందే. ఆ పని ఈ రేవులో అతని చేతి మీదనే నడిచింది. చిన్నతనంలో సున్నం తుళ్లి ఎడమ కన్ను పోయింది. ఆ కొరతను తానే హాస్యానికి వాడుకునేవాడు.

“గురి సూసుకోడానికి అందరూ ఓ కన్ను మూసుకోవాలండి మాస్టారూ. నాకా బాధ లేదు.”

బోటు మీద ఏ పేరు వ్రాయాలన్నా ముందు దాన్ని చీటీ మీద వ్రాసుకుని నా దగ్గరికి తెచ్చేవాడు. నేను ఎర్ర సిరాతో తప్పు చుట్టేవాణ్ణి. బడిలో మొదలైన అలవాటు, అతని జుట్టు నెరిసినా పోలేదు.

“ఆ ఒత్తు లేకపోతే బోటు మునిగిపోద్దాండీ?”

“బోటు మునగదురా. నేను మునుగుతాను. ఈ అక్షరాలు నేర్పినవాడెవడని అడుగుతారు.”

“ఆయ్, అయితే పెట్టేత్తానండి. మిమ్మల్ని ముంచితే నాకు అన్నం పుట్టదు.”

ఈ సంవత్సరం ఆషాఢ బహుళ చవితి, సోమవారం. ఫరంపేటలో కంటి శిబిరం పెట్టారు. మధ్యాహ్నం మూడు గంటల వేళ అతడూ, అతని భార్యా మా ఇంటికి వచ్చారు. అతని చేతులకు నీలిరంగు ఇంకా ఆరలేదు. అడవిపొలం దగ్గర ఒడ్డుకు లాగిన బోటు మీద పేరు వ్రాస్తూ వ్రాస్తూ, ఉన్న ఒక్క కన్నులో మెరుపులు మెరిసినట్లయిందట. తరువాత పై మూలనుంచి నల్లని తెర కొద్దిగా దిగి నిలిచిందట. పేరు సగంలో వదిలేసి శిబిరానికి వెళ్లాడు. అక్కడి యువ వైద్యుడిది అరవం. తెలుగు రాదు. కంట్లో దీపం వేసి చాలాసేపు చూసి, ముఖం చిట్లించి, చేతులతో ఏదో చెప్పబోయి, చివరకు నాలుగు వరుసలు వ్రాసి ఇచ్చాడు.

“తొందర్తొందరగా చెయ్యి ఊపాడండి,” అన్నాడతడు. “వెనకాల వందమంది ఉన్నారు గదా, జరగమంటున్నాడనుకున్నాను.”

నేను చీటీ అందుకుని, కళ్లజోడు తుడుచుకుని, నిఘంటువు తెరిచాను. కంటి లోపలి పొర విడుతున్నది, కాకినాడలో ఆ పొరకు చికిత్స చేసే శస్త్రవైద్యునికి చూపించవలెను, యాజ్ సూన్ యాజ్ పాసిబుల్. చివరి మాట కింద వైద్యుడు గీత కూడా గీశాడు. ఆ గీతను నేను చూశాను. చూడలేదని ఈ కాగితం మీద అబద్ధం వ్రాయను.

“ఏం రాశాడండీ?” అని ఆమె అడిగింది.

“కంటి లోపలి పొర కాస్త కదిలిందట. కాకినాడలో పెద్ద వైద్యుడికి చూపించమన్నాడు. వీలు చూసుకొని తొందరగా వెళ్లమన్నాడు.”

‘కాస్త’ అన్నది ఆ కాగితంలో లేదు. ‘వీలు చూసుకొని’ అన్నదీ లేదు. అవి రెండూ నావి. భయపడుతున్న మనిషి ముందు మాటను మెత్తబరచి చెప్పడం పెద్దరికమని నా అలవాటు. మా సీమలో ‘వీలు చూసుకొని రండి’ అంటే రాకపోయినా తప్పులేదనే అర్థం. ప్రతివాడికీ తెలుసు. నాకూ తెలుసు.

ఆమె వెంటనే, “అయితే ఎప్పుడు బయల్దేరమంటారండీ? ఉన్నది ఒక్క కన్నేనండి. మంచి ఘడియ సూసి పంపించండి,” అంది.

దీన్ని మూఢత్వమని తీసిపారవేయవద్దు. మా వాళ్ల మనసు అట్లా నడుస్తుంది. పోతే పోయే వస్తువుకు రోజు చూడరు. ఎంత అపురూపమైనదైతే అంత మంచిరోజు కావాలి. ఆ కన్ను అంత అపురూపం గనుకనే ఆమె ఘడియ అడిగింది. నేను చీటీని నిఘంటువులో గుర్తుగా పెట్టి మూసి, ఎడమచేతి పక్కనున్న పంచాంగం తెరిచాను.

కాకినాడ మాకు ఉత్తరం. మంగళ, బుధ వారాలు ఉత్తరానికి శూల. గురువారం రేవతి, అది అతని జన్మనక్షత్రానికి నైధనతార, అంటే కీడు. శుక్రవారం అష్టమి, శనివారం నవమి. ఆదివారం పెద్ద డాక్టరు ఉండడని ముగ్గురమూ కలిసి అనుకున్నాం. పై సోమవారం ఏకాదశి, రోహిణి. అతనికి సంపత్తార. కాగితం మీద ఇంతకంటె చక్కగా కుదిరిన రోజు దొరకదు.

“వచ్చే సోమవారం ఉదయం ఏడు గంటల బస్సు,” అని చెప్పాను.

లోపలినుంచి నా భార్య కాఫీ గ్లాసులతో వస్తూ విన్నది. “కంటికి కూడా రోజు చూస్తారేవిటండీ? ఆ బస్సువాడు రోజూ వెళ్లి రావడం లేదూ, మంగళవారం బుధవారం?” అంది.

“నీకు తెలియదు, ఊరుకో,” అన్నాను.

అప్పుడే ఆ సగం పేరు బోటు యజమాని వచ్చాడు. పక్క వీధి వాడే. చర్చికి వెళ్లే కుటుంబం. పేరు ఎప్పుడు పూర్తవుతుందో అడుగుదామని వచ్చి, సంగతి విని, పని మాటే ఎత్తలేదు.

“రేపు తెల్లారి అయిదింటికి నా వ్యాను ఐసుకి కాకినాడ ఎల్తుంది. ముందు సీట్లో కూచో. ఏడింటికల్లా ఆసుపత్రి గేటు దగ్గర దింపేత్తాను.”

అతడు నా వంక చూశాడు. ఆమె కూడా నా వంక చూసింది. నేను చెప్పాను:

“రేపు మంగళవారం. ఉత్తరానికి పనికిరాదు.”

ఆ పెద్దమనిషి నవ్వాడు. “మాకు అన్ని వారాలూ దేవుడు చేసినయ్యేనండి మాస్టారూ. ఐసు కూడా మంగళారం కరగకుండా ఉండదు.” తరువాత నవ్వు ఆపి, అతని భుజం మీద చెయ్యి వేసి, “నీ ఇట్టం. ఇంటి ముందు ఓ నిమిషం ఆపుతాను. ఎక్కితే ఎక్కు,” అని వెళ్లిపోయాడు.

మంగళవారం తెల్లవారి అయిదు గంటలకు ఆ వ్యాను వాళ్ల గుమ్మం ముందు ఆగింది. వాళ్లిల్లు నాకు నాలుగిళ్ల అవతల. నేను ముఖం కడుక్కుంటూ ఆ ఇంజను చప్పుడు విన్నాను. నిమిషం కాదు, ఎక్కువే ఆగింది. ఎవరూ ఎక్కలేదు. వెళ్లిపోయింది. సాధ్యమన్న దానికి అర్థం నిఘంటువులో వెతికాను గాని, అది ఆ తెల్లవారుజామున మా వీధిలో ఇంజను ఆపకుండా నిలబడి ఉన్నదని తరువాత గదా తెలిసింది.

గురువారం అతడొక్కడే వచ్చాడు. గోడకు చెయ్యి ఆనించి మెట్లెక్కుతుంటే చూశాను.

“తెర ఇంకొంచెం దిగిందండి. పైనుంచి సగానికొచ్చింది. మీ తల కనపడట్లేదు, గడ్డం కనపడతంది.”

“నా తలలో ఏమున్నది గనుక చూడటానికి,” అన్నాను. ఇద్దరం నవ్వాము. ఆ నవ్వు ఇప్పటికీ నన్ను విడిచిపెట్టదు. “సోమవారం ఎంతో దూరం లేదు. నాలుగే రోజులు. వెలుతురులో తిరగకు.”

“ఆయ్, అలాగేనండి.”

మా గురువులు మొట్టమొదట నేర్పిన నియమాలలో, ఆతురునికి నియమం లేదన్నది ఒకటి. జబ్బు పడ్డవానికి తిథి లేదు, వారం లేదు, శూల లేదు. పిల్లలకు ఎన్నోసార్లు వివరించి చెప్పిన మాట అది. ఆ గురువారం అది నా నోటి దాకా రానేలేదు. ఎందుకు రాలేదని నన్ను నేను నాలుగు నెలలుగా అడుగుతున్నాను. ఒకటే జవాబు తోస్తుంది. ఒకసారి రోజు చెప్పిన తరువాత దాన్ని మార్చడం నాకు చిన్నతనమనిపించింది. అతని చూపుకంటె నా మాట నిలకడ నాకు ముఖ్యమైపోయింది.

సోమవారం ఏకాదశి నాడు ఏడు గంటల బస్సుకే బయలుదేరాము. నేనూ వెంట వెళ్లాను. శకునం మంచిదయింది. కిటికీ పక్క సీటు దొరికింది. అతడు కిటికీ వైపు ముఖం పెట్టి కూర్చున్నాడు గాని దేన్నీ చూడడం లేదు. భార్య చెవిలో అడుగుతున్నాడు, “వంతెన దాటామా? వరదకి నీళ్లు ఎర్రబడ్డాయా?” ఆమె ప్రతిదానికీ చెబుతున్నది.

ఆసుపత్రిలో వైద్యురాలు మా ఆడపిల్లల వయసుది. తెలుగుపిల్ల. యంత్రంలో చాలాసేపు చూసి, లేచి, చీటీ అడిగింది. నిఘంటువులోనుంచి తీసుకొచ్చిన చీటీ నేనే ఇచ్చాను. దాని మీది తారీకు చూసి ఆగింది.

“ఇది పోయిన సోమవారం రాసింది. ఇక్కడ గీత కూడా గీశారు. వారం రోజులు ఎందుకు ఆగారు?”

చెప్పవలసినవాణ్ణి నేను. నోరు తెరిచాను కూడా. అంతలో ఆమె, అతని భార్య, తల వంచుకుని, “కుదర్లేదండి,” అంది.

నన్ను కాపాడడానికి అన్నది. వైద్యురాలి ముందు వాళ్ల మాస్టారు చిన్నబోకూడదని అన్నది. నేను నోరు మూసుకున్నాను.

“ఆ రోజో మర్నాడో వచ్చి ఉంటే పొర మధ్యభాగం ఇంకా అంటుకునే ఉండేది అమ్మా. అక్షరాలు చదివేది, ముఖాలు గుర్తుపట్టేది ఆ మధ్యభాగంతోనే. ఇప్పుడు అది కూడా ఊడిపోయింది. ఆపరేషన్ చేసి అంటిస్తాం. చూపు ఎంత వస్తుందో మాత్రం మాట ఇవ్వలేను,” అని వైద్యురాలు నెమ్మదిగా చెప్పింది. ఆ పిల్ల ఎవరినీ నిందించలేదు. నిందిస్తే నాకు తేలికయ్యేది.

మరునాడు శస్త్రచికిత్స జరిగింది. మంగళవారం. శూల సంగతి ఎవరూ అడగలేదు. కంట్లో గాలి నింపారు గనుక, అది పొరను నొక్కి పట్టడానికి కొన్నాళ్లు బోర్లా పడుకునే ఉండాలన్నారు. ఇంటికి వచ్చాక మంచం చివర తల వేలాడేసుకుని, నేల వంక ముఖం పెట్టి పడుకున్నాడు. నేను చూడబోతే నా పాదాల వైపు మాట్లాడేవాడు.

“మీ చెప్పుల చప్పుడు తెలిసిపోద్దండి. కూచోండి.”

గాలి కరిగింది. కట్టు విప్పారు. మనిషి అడ్డం వస్తే నీడ తెలుస్తుంది. ముఖం ముందు చెయ్యి ఊపితే తెలుస్తుంది. ఎన్ని వేళ్లో తెలియదు. రెండోసారి, మూడోసారి చూపించారు. ఇంతేనన్నారు. అతని కుంచెలు కిరసనాయిలు డబ్బాలో మునిగి గూట్లో ఉన్నాయి. అడవిపొలం దగ్గర బోటు మీద సగం పేరు సగంగానే ఉంది. యజమాని దాన్ని అట్లాగే వేటకు పంపుతున్నాడు.

ఈ నాలుగు నెలలలో ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. పైగా ఎవరైనా అడిగితే, “మా తలరాతండి, మేవే ఆలస్యం చేశాం,” అంటున్నదని నా భార్య విని వచ్చి చెప్పింది. చెప్పి, నా ముఖంలోకి చూసి, “పాపం, ఆమె ఇంకా ఎన్నాళ్లు మోస్తుందండీ, మీ బరువు?” అంది.

అందుకని నిన్న పంచమి నాడు వాళ్లింటికి వెళ్లాను. అతడు గుమ్మంలో పీట మీద కూర్చుని ఉన్నాడు. ఆమె బియ్యం ఏరుతున్నది. నేను నిలబడే చెప్పాను.

“ఆ చీటీలో వీలు చూసుకొని వెళ్లమని లేదమ్మా. ఆ క్షణంలో ఏ దారి దొరికితే ఆ దారిన, ఆగకుండా వెళ్లమని ఉంది. వైద్యుడు కింద గీత గీశాడు. నేను చూశాను. చూసి మార్చి చెప్పాను. వ్యాను వచ్చింది, వద్దన్నాను. గురువారం తెర దిగిందని నువ్వు వచ్చావు, ఆగమన్నాను. కుదరకపోవడం కాదు. కుదిరింది. నేను కుదరనివ్వలేదు.”

ఆమె చేట మీద చేతులు ఆపింది. “రోజు సూడమన్నది నేనే గదండీ,” అంది.

“నువ్వు అడిగావు. కంటికి రోజు అక్కరలేదని చెప్పవలసిన చదువు నాది.”

అతడు నా గొంతు వచ్చిన వైపు ముఖం తిప్పాడు. కళ్లు నా భుజం పక్కగా ఎక్కడో నిలిచాయి. కోపంగా లేడు. కోపపడినా బాగుండేది.

“మాస్టారూ, నేను ఒత్తు తప్పు రాత్తే ఎర్ర సిరాతో సుట్టేవోరు గదండీ.”

“అవును.”

“మీది ఎవరు సుడతారండీ?”

ఆమె అతన్ని, “ఊరుకోండి,” అని మందలించి, లేచి నాకు పీట వేసింది. నేను కూర్చోలేదు. ఆమె మళ్లీ బియ్యం ఏరడం మొదలుపెట్టింది గాని, రాళ్లు తీసి ఎక్కడ వేస్తున్నదో చూసుకోవడం లేదు. కొన్ని తిరిగి చేటలోనే పడుతున్నాయి. వచ్చేటప్పుడు “వెళ్లొస్తాను” అన్నాను. ఇంతకుముందు ఎప్పుడూ “ఆయ్, రండి” అని లేచి నిలబడేవాడు. నిన్న లేవలేదు. లేవకపోవడమే న్యాయం.

ఆ చీటీ నా దగ్గరే ఉంది. ఈ రోజు ఎర్ర సిరా తీసి, గీత మీద ఉన్న ఆ నాలుగు ఆంగ్ల పదాల చుట్టూ చుట్టబోయి, ఆగాను. తప్పు అందులో లేదు. నేను చెప్పిన తెలుగు ఏ కాగితం మీదా లేదు, చుట్టడానికి. అందుకే ఇది వ్రాశాను.

మార్గశిర శుద్ధ దశమి నాడు చేర్చినది: బోటు యజమాని కాకినాడ నుంచి వేరొక రాతగాణ్ణి పిలిపించి మిగిలిన సగం పేరు వ్రాయించాడు. గూట్లో ఉన్న కుంచెలు ఆ వచ్చినవాడికే ఇచ్చేశారు. అతని భార్య ఆ మరునాటి నుంచి రొయ్యల షెడ్డులో పనికి వెళుతున్నది.